చిటికెన వేలికి రోజుకో మిల్లీమీటరు

సంక్రాంతి వారంలో ఎల్‌బీ నగర్ ఫ్లైఓవర్ దిగుతుంటే మా రూమ్మేట్ కుడి మణికట్టుకు చైనా మాంజా చుట్టుకుంది. తెగిన నరాన్ని ఆ రాత్రే కుట్టారు. రెండు నెలలైనా చిటికెన వేలికి స్పర్శ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్నాడు, పెన్ను పట్టు కుదరట్లేదు. "కుట్టు సరిగ్గ పడలేదేమో మామా, ఇగ ఫిజియోకు పోను" అన్నాడు. అప్పుడే నేను దీని గురించి చదవడం మొదలుపెట్టాను.

కుట్టు కలిపేది నరం పై తొడుగునే. లోపలి పోగులు, అంటే ఆక్సాన్లు, తెగిన చోటు నుంచి వేలి కొస దాకా చచ్చిపోతాయి. 1850లో ఆగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాలు కోసి చూపించింది ఇదే. కొత్త పోగు పైనుంచి పెరుగుతూ రావాలి. స్పీడు సుమారు రోజుకు 1 మిల్లీమీటరు. మణికట్టు నుంచి చిటికెన వేలి కొసకు 15 సెంటీమీటర్లు అనుకుంటే 150 రోజులు! ఈలోపు కీళ్లు బిగుసుకుపోకూడదు కాబట్టే ఫిజియో.

మరి దారి ఎవరు క్లియర్ చేస్తారు? ఇమ్యూన్ కణాలే. వాటిని క్రిములతో కొట్లాడే పోలీసులుగానే మనకు తెలుసు. నరం తెగిన రెండు మూడు రోజుల్లో మాక్రోఫేజ్ కణాలు గుంపుగా చేరి, చచ్చిన పోగుల ముక్కల్ని, వాటి చుట్టూ ఉండే మైలిన్ అనే కొవ్వు పొరను మింగేస్తాయి. మా ఆఫీసు భాషలో గార్బేజ్ కలెక్షన్. అంతటితో ఆగవు. తెగిన రెండు కొసల మధ్య ఖాళీలో ఆక్సిజన్ తక్కువ. ఎలుకల మీద చేసి 2015లో 'సెల్' జర్నల్‌లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మాక్రోఫేజ్‌లు ఆ కొరతను పసిగట్టి వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ వదులుతాయి. దాంతో అక్కడికి రక్తనాళాలు పెరుగుతాయి. వాటిని పట్టుకుని ష్వాన్ కణాలు పాకుతాయి, వాటి వెనకే నరం పోగు. మన మెట్రో లాగే... ముందు పిల్లర్లు, తర్వాత పట్టాలు, ఆఖర్న రైలు.

(కోచింగ్ సెంటర్ల సందులో అమ్మే 'ఇమ్యూనిటీ బూస్టర్' పొడికీ దీనికీ సంబంధం లేదు. మావాడు అప్పటికే రెండు డబ్బాలు కొన్నాడు.)

వెన్నుపాము, కంటి నరంలో మాత్రం ఈ కథ నడవదు. అక్కడ చెత్త నెలల తరబడి పేరుకుని ఉంటుంది. పైగా మైలిన్‌లోని కొన్ని ప్రోటీన్లు కొత్త పోగుల్ని అడ్డుకుంటాయి. 2020లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బెంజమిన్ సీగల్ బృందం ఎలుకల్లో, పూర్తిగా ఎదగని న్యూట్రోఫిల్ లాంటి కణాలను గుర్తించింది. అవి కంటి నరంలో, వెన్నుపాములో పోగులు మళ్లీ పెరిగేలా చేశాయి. అలాంటి లక్షణాలున్న మనిషి కణాలు కూడా ల్యాబ్‌లో మనిషి న్యూరాన్లకు కొత్త కొమ్మలు వచ్చేలా చేశాయి. ఇది ఇంకా చికిత్సగా మారలేదు.