క్లార్క్ దంపతుల మందూ పుస్తకమూ - చుహ్రాల పాట

మిషనరీల చరిత్రను మనకి రెండు రకాలుగా చెప్తూ వచ్చారు. దొరలొచ్చి ఉద్ధరించారనేది ఒకటి. మందులిచ్చి మతం మార్చారనేది రెండోది. రెండింటిలోనూ దళితుడు ఇంకొకరి పనికి ఫలితమే తప్ప తాను పని చేసిన మనిషి కాడు. ఈ రెండు కథల్నీ పక్కనపెట్టి, ఉర్దూ చదివే జనం మధ్య వైద్యమూ పుస్తకమూ పట్టుకుని తిరిగిన రాబర్ట్, ఎలిజబెత్ క్లార్క్ దంపతుల సంగతి చూద్దాం. క్లౌ దొర తెలిసినంతగా వీళ్ళు మనకి తెలియరు.

రాబర్ట్ క్లార్క్ చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1852లో పంజాబు చేరాడు. అమృతసర్ ఆయన ప్రధాన కేంద్రం. ఎలిజబెత్ డాక్టరు కూతురు. ఆమెకి డాక్టరు పట్టా లేదు; ఆ రోజుల్లో ఆడవాళ్ళకి వైద్యం చదువు దొరకడమే గగనం. 1864లో ఇద్దరూ శ్రీనగర్ వెళ్తే జనం ఇంటి మీదికి ఎగబడ్డారు. అదే ఊళ్ళో ఆమె డిస్పెన్సరీ తెరిస్తే కొన్ని రోజులు వందమంది దాకా రోగులొచ్చారు. బోధ వద్దన్నవాళ్ళు మందు కావాలన్నారు. మరుసటి ఏడే డాక్టర్ ఎల్మ్‌స్లీ అక్కడికి వచ్చాడు. క్లార్క్ దంపతులు పెంచుకున్న అఫ్గాన్ అనాథ బిడ్డ హెన్రీ మార్టిన్ క్లార్క్ ఎడింబరోలో వైద్యం చదివి, 1882లో అమృతసర్ మెడికల్ మిషన్ మొదలుపెట్టాడు.

ఇక పుస్తకాలు. 1849లో పంజాబుని కలుపుకున్నాక బ్రిటిష్‌వాళ్ళు ఉర్దూని కచేరీల భాషగా, బడి భాషగా చేశారు. ఇళ్ళల్లో మాత్రం పంజాబీయే. క్లార్క్ ఉర్దూనే ఎంచుకున్నాడు. పానిపట్టు మౌల్వీ ఇమాదుద్దీన్ 1866లో ఆయన దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. ఇద్దరూ కలిసి మత్తయి, యోహాను సువార్తలకీ అపొస్తలుల కార్యాలకీ ఉర్దూలో వ్యాఖ్యానాలు రాశారు. ఇవి ఎవరికోసం? అరబ్బీ, ఫార్సీ చదువుకున్న పెద్దలకోసం. పైవాడు వస్తే కిందివాడు వాడంతట వాడే వస్తాడన్న లెక్క ఇందులో ఉందని మా అభిప్రాయం. 1893లో హెన్రీ బంగళాలో మిర్జా గులాం అహ్మద్‌కీ, క్రైస్తవుల తరఫున అబ్దుల్లా ఆథంకీ మధ్య పదిహేను రోజులు వాదం నడిచింది. అదంతా ఉర్దూలో పుస్తకంగా కూడా అచ్చయింది. అక్కడ తేల్చుకోవాలనుకున్నది ఏసు దేవుడా కాదా, ఏ గ్రంథం నిజం అన్న సంగతి. చచ్చిన గొడ్డుని ఎవరు మోయాలి, వెట్టి ఎవరు చెయ్యాలి అన్నది ఆ బల్ల మీదికి రాలేదు.

లెక్క తప్పింది. వచ్చినవాళ్ళు వేరే.

1873లో సియాల్‌కోట్‌లో, అదీ వేరే సంఘమైన అమెరికన్ యునైటెడ్ ప్రెస్బిటేరియన్ల దగ్గరికి, దిత్ అనే చుహ్రా వచ్చాడు. చుహ్రాలంటే ఊరు ఊడ్చే, చచ్చిన గొడ్డుని ఎత్తే అంటరాని కులం. 1881 జనాభా లెక్కల్లోనే పది లక్షల పైచిలుకు ఉన్నారు. దిత్ కుంటివాడు, తోళ్ళ బేరం చేసుకునేవాడు. అతన్ని తీసుకొచ్చిన నత్తు అనే జాట్ విశ్వాసిని మిషనరీలు పెద్దగా లెక్కచెయ్యలేదు. ఇంకా నేర్చుకోవాలి, ఆగమన్నారు. దిత్ ఆగనన్నాడు. బాప్తిస్మం పుచ్చుకుని, మిషన్ కాంపౌండులో ఉండిపోకుండా ఊరికి తిరిగెళ్ళాడు. కొన్నాళ్ళకి భార్యని, కూతుర్ని, ఇద్దరు ఇరుగుపొరుగుల్ని నడిపించుకొచ్చాడు. 1881లో పంజాబులో దేశీ క్రైస్తవులు నాలుగు వేలలోపే. 1931 నాటికి నాలుగు లక్షలకి చేరువయ్యారు. వాళ్ళల్లో ఎక్కువమంది చుహ్రాలు. దీన్ని నడిపింది ఉర్దూ వ్యాఖ్యానాలు కావు. తోళ్ళు కొనడానికి ఊరూరా తిరిగే మనిషి కాళ్ళు, బంధుత్వాలు.

మన దగ్గర ఇది కొత్త సంగతేం కాదు. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య కూడా తోళ్ళ వ్యాపారం చేసిన మాదిగే. పేరయ్యకీ దిత్‌కీ ఒకరి గురించి ఒకరికి తెలిసుండదు. తోళ్ళ బేరమే దళితుడికి ఊరి పొలిమేర దాటే దారి ఇచ్చిందనడానికి ఈ ఇద్దరూ సాక్ష్యం.

చుహ్రాలకి దక్కిన సాహిత్యం ఉర్దూది కాదు, పంజాబీది. ఇమాముద్దీన్ షహబాజ్ కీర్తనల గ్రంథాన్ని పంజాబీ పాటలుగా కట్టాడు. వాటినే పంజాబీ జబూర్ అంటారు. దేశీ బాణీల్లో, నోటికొచ్చేట్టుగా ఉన్న ఈ పాటలు ఇప్పటికీ పాడుతున్నారు. మా తాతలకీ అక్షరం రాదు, కీర్తనలు మాత్రం వరసగా వచ్చు. అందుకే ఈ సంగతి మాకు తొందరగా పట్టింది.

వైద్యానికి మాత్రం వేరే మార్కులెయ్యాలి. మందుకి అక్షరం అక్కర్లేదు. అంటరాని ఒంటిని ముట్టుకోకుండా నాడి చూడ్డం కుదరదు. ఎలిజబెత్ డిస్పెన్సరీని మేము ఆయన వ్యాఖ్యానాల కన్నా పై మెట్టున పెడతాం. అయితే ఆస్పత్రి రోగాన్ని ముట్టుకుంది గానీ పనిని ముట్టుకోలేదు. చీపురు చేతిలోనే ఉండిపోయింది. రాబర్ట్ పేరు మీద వెలిసిన క్లార్కాబాద్ అనే క్రైస్తవ గ్రామం నేటి పాకిస్తాన్‌లో, కసూర్ జిల్లాలో ఉంది. ఆ దేశంలో సఫాయి పనివాళ్ళలో అత్యధికులు దిత్ కులం నుంచి వచ్చిన క్రైస్తవులే. ఆ ఉద్యోగాల ప్రకటనల్లో 'ముస్లిమేతరులకు మాత్రమే' అని అచ్చువేస్తూ వచ్చారు. ఇక్కడ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు పేరయ్య వారసుల్ని ఎస్సీ జాబితాకి బయట నిలబెట్టింది. వాళ్ళని బి.సి. 'సి'లో ఒక్క శాతం కింద సర్దారు.