స్వర్ణముఖి తీరపు రుచులు

ఎవరైనా తమ ఊరి పేరు చెప్పగానే ఎదుటివారికి తిండి గుర్తుకు రావడం తెలుగునాట సహజం. ఆత్రేయపురం అంటే పూతరేకులు, కాకినాడ అంటే కాజాలు, హైదరాబాదు అంటే హలీం. తిరుపతి విషయం చెప్పనే అక్కరలేదు. అయితే తిరుపతికి ఈశాన్యంగా, రేణిగుంటకూ శ్రీకాళహస్తికీ నడుమ ఉన్న ఏర్పేడు పేరు విన్నప్పుడు ఏ తినుబండారమూ వెంటనే స్ఫురించదు. మలయాళస్వామి స్థాపించిన వ్యాసాశ్రమం వల్ల ఆధ్యాత్మిక జిజ్ఞాసువులకు ఆ ఊరు తెలుసు. ఆ మండలంలోనే ఉన్న గుడిమల్లం శివాలయం వల్ల చరిత్రకారులకు తెలుసు. 2015లో ఏర్పడిన తిరుపతి ఐఐటి, ఐసర్ విద్యాసంస్థల ప్రాంగణాలు అక్కడ వెలసిన తరువాత దేశమంతటా విద్యార్థులకూ తెలిసింది. కాని ఆ ఊరి వంటకం ఏదని అడిగితే సమాధానం చెప్పేవారు అరుదు.

పేరు పొందిన వంటకం లేని ఊరికి ప్రత్యేకమైన రుచి లేదనుకోవడం పొరపాటు. ఒక వంటకానికి కీర్తి రావడానికి రుచి ఒక్కటే కారణం కాదు. అది ప్రయాణం చేయగలగాలి. వండిన చోటు నుండి పదిరోజుల దూరం పోయినా చెడకుండా ఉండాలి. తిరుమల ప్రసాదాల చరిత్రే ఇందుకు చక్కని నిదర్శనం.

తిరుమల ఆలయ కుడ్యాలపై విజయనగర రాజుల కాలంనాటి శాసనాలు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో అధికభాగం తమిళంలో ఉన్నవి. స్వామికి ఏయే నైవేద్యాలు ఏ దాత పేరిట జరగాలో వాటిలో వివరంగా చెక్కించారు. అప్పపడి, అతిరసపడి, వడపడి, మనోహరపడి వంటి పేర్లు ఆ శాసనాలలో కనిపిస్తాయి. విశేషమేమిటంటే, దాతలిచ్చిన ధనంలో చాలా భాగం దేవస్థానపు గ్రామాలలో చెరువులు, కాలువలు త్రవ్వించడానికి వినియోగమయ్యేది. ఆ నీటితో అదనంగా పండిన పంట నుండి నైవేద్యం జరిగేది. నివేదన అయిన ప్రసాదంలో నాలుగవ వంతు దాతకు చెందేది. అంటే స్వామివారి అప్పం వెనుక ఒక చెరువు, ఆ చెరువు వెనుక కొన్ని వందల మంది రైతుల చెమట ఉన్నాయి.

కొండ ఎక్కి దిగే యాత్రికుడు ప్రసాదాన్ని ఇంటిదాకా తీసుకుపోవాలి. పొంగలి, దధ్యోదనం అందుకు పనికిరావు. నేతిలో వేగినవి, పాకం పట్టినవి మాత్రమే ఆ ప్రయాణానికి నిలుస్తాయి. వడ, లడ్డు యాత్రికుల ప్రసాదాలుగా స్థిరపడటంలో ఈ నిలువ గుణానికి పెద్ద పాత్ర ఉంది. శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, ఎండుద్రాక్ష, యాలకులు కలిసిన తిరుపతి లడ్డుకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు న్యాయమైనదే. అయినా దానిలో వాడే వస్తువులను ఒక్కొక్కటిగా చూస్తే, వాటిలో చాలావరకు స్వర్ణముఖి గట్టున పండేవి కావు. లడ్డు ఆ క్షేత్రానికి చెందినది. ఆ నేలకు చెందిన తిండి వేరే ఉంది.

ఆ తిండి పేరు సంగటి. సాహిత్యంలో ఇది 'సంకటి'గా కనిపిస్తుంది. ఏర్పేడు పరిసరాలలో చెరువు కింద ఉన్న కొద్దిపాటి నేలలోనే వరి పండేది. బావుల దగ్గర ఎడ్లతో కపిల తోలి రాగులు పండించేవారు. వానను నమ్ముకున్న ఎర్రనేలలో వేరుశనగ, అనప, కంది వేసేవారు. కాబట్టి రోజువారీ తిండిలో రాగులదే పెద్ద పాలు. బియ్యం అపురూపం కనుక కుండలో ఒకటి రెండు గుప్పెళ్ల నూకలు మాత్రమే పడేవి. నూకలు మెత్తగా ఉడికిన తరువాత వాటిపై రాగిపిండిని కుప్పగా పోస్తారు. వెంటనే కలపరు. పిండి మధ్యలో తెడ్డు కాడతో ఒక రంధ్రం చేసి, సన్నని సెగపై వదిలివేస్తారు. అడుగునుండి వచ్చే ఆవిరి ఆ రంధ్రం గుండా పైకి వచ్చి పిండిని ఉడికిస్తుంది. అప్పుడు కుండను కదలకుండా పట్టుకొని తెడ్డుతో బలంగా కెలకాలి. తొందరపడి ముందే కెలికితే పిండి ఉండలు కడుతుంది. ఆలస్యం చేస్తే అడుగంటుతుంది. పొగలు కక్కుతుండగానే చేయి తడిచేసుకొని ముద్దలు చేస్తారు. సంగటిని నమలరు. వేడి ముద్దను తుంచి పులుసులో అద్ది మింగుతారు. చల్లారితే దాని స్వభావమే మారిపోతుంది. మిగిలిన ముద్దను మరునాడు మజ్జిగలో పిసికి ఉల్లిపాయతో తాగడం ఉన్నా, అది వేరొక ఆహారం. ఇటువంటి వంటకం పొట్లం కట్టుకొని రైలెక్కదు. దాని కీర్తి ఊరు దాటకపోవడానికి ఇదే మొదటి కారణం.

రెండవ కారణం మరింత కఠినమైనది. సంగటి చాలాకాలం పేదరికానికి గుర్తుగా నిలిచింది. వరి అన్నం తినేవారు ముతక ధాన్యాలు తినేవారిని చులకనగా చూడటం కొత్త విషయం కాదు. రాజాస్థానాలలో సుఖభోజనం ఎరిగిన శ్రీనాథుడు పలనాటి జొన్నకూటిని చూసి విసుక్కొన్నట్లు చాటుపద్యాలు ప్రచారంలో ఉన్నాయి. వాటిని చదివి నవ్వుకోవడం మనకు అలవాటు. అయితే ఆ జొన్నకూడు తిని బ్రతికినవారి పక్షాన ఆ నవ్వు ఎలా వినిపించి ఉంటుందో కూడా ఆలోచించదగినదే.

దీనికి భిన్నమైన దృష్టి ఏర్పేడుకు పొరుగునే ఉన్న క్షేత్రం కథలో కనిపిస్తుంది. ధూర్జటి రచించిన శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో బోయ యువకుడైన తిన్నడు తాను వేటాడిన మాంసాన్ని కాల్చి, రుచి చూచి, మేలైనదాన్ని శివునికి సమర్పిస్తాడు. అతనికి తెలిసిన శ్రేష్ఠమైన ఆహారం అదే. శాస్త్రం నిషేధించిన ఆ నైవేద్యాన్ని దైవం ఇష్టంగా స్వీకరించింది. తిన్నని భక్తిని గూర్చి వ్యాఖ్యాతలు విస్తారంగా చెప్పారు గాని, అతని తిండికి ఆ కథలో దక్కిన గౌరవాన్ని అంతగా పట్టించుకోలేదు.

1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రారంభమైంది. పండుగనాడు మాత్రమే వరి అన్నం చూసిన ఇళ్లలో అది నిత్యాహారమైంది. ఆకలి తీరడం చిన్న విషయం కాదు. సంగటిని పొగిడే ఉత్సాహంలో దీనిని మరచిపోరాదు. కాని ఆ మార్పుతో పాటు రాగి చేలు తగ్గాయి, తెడ్డు పట్టే ఒడుపు కూడా తగ్గింది. నూరు గ్రాముల రాగులలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందనీ, పాలిష్ పట్టిన బియ్యంలో అది పది మిల్లీగ్రాముల దరిదాపుల్లోనే ఉంటుందనీ పోషకాహార శాస్త్రం చెప్పిన తరువాత మళ్లీ చూపు ఇటు మళ్లింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. నగరాల హోటళ్లలో ఇప్పుడు సంగటి, నాటుకోడి పులుసు ఖరీదైన వంటకాలు. ఒకప్పుడు దానిని తిన్నందుకు సిగ్గుపడినవారి మనుమలు నేడు వరుసలో నిలబడి దానిని కొనుక్కొంటున్నారు.

సంగటికి తోడుగా నంజుకొనే వాటిలో నాటుకోడికి ప్రచారం ఎక్కువ. అది బంధువులు వచ్చిన నాటి మాట. మిగిలిన రోజులలో ఊరుబిండి ఉండేది. వేయించిన వేరుశనగ గింజలు, మిరపకాయలు, చింతపండు, వెల్లుల్లి రోట్లో నూరితే ఊరుబిండి అవుతుంది. చేలగట్లపై మొలిచే చెంచలాకు, గురుగాకు వంటివి ఏరితెచ్చి, కందిబేడలతో ఉడికించి ఎనిపేవారు. కాలాన్ని బట్టి వచ్చే వీటన్నింటిలోను పితికిపప్పుకు ప్రత్యేక స్థానం ఉంది.

అనప తీగ పగటి వేళ తగ్గిన తరువాతనే పూతకు వస్తుంది. అందువల్ల దాని కాయలు మార్గశిర పుష్యమాసాలలో సమృద్ధిగా లభిస్తాయి. మంచు పడే కొద్దీ కాయకు జిడ్డు, వాసన పెరుగుతాయని రైతులు అంటారు. కాయలు ఒలిచి, గింజలను రాత్రంతా నీటిలో నానబెడతారు. ఉదయం ఒక్కొక్క గింజను బొటనవ్రేలు చూపుడువ్రేళ్ల నడుమ ఉంచి నొక్కితే పొట్టు చేతిలో మిగిలి, పచ్చని పప్పు జారి గిన్నెలో పడుతుంది. ఇంటిల్లిపాదికీ సరిపడా పప్పు కావాలంటే వందలకొద్ది గింజలు పితకాలి. ఇంటి ఆడవారు, వృద్ధులు, పిల్లలు చుట్టూ కూర్చుంటే తప్ప ఆ పని తెమలదు. ఆ పప్పును ఉల్లి, అల్లం, వెల్లుల్లి, ధనియాలు, కొబ్బరి నూరిన ముద్దతో పులుసుగా వండి సంగటిలోకో దోసెలోకో వడ్డిస్తారు. ఒలిచిన పప్పును ఆదరానికి గుర్తుగా భావించడం పాత సంప్రదాయమే. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానాకాలంలో అతిథులకు వడ్డించిన విందులోనూ అది ఉంది.

'పితికిపప్పు' అనే మాట కూడా పరిశీలించదగినది. ఆవు పాలు పితకడంలోని ధాతువే ఇందులోనూ ఉంది. తమిళులు దీనిని 'పితుక్కు పరుప్పు' అంటారు. కన్నడిగులు 'హితికిద బేళె' అంటారు. పాత కన్నడంలోని పకారం తరువాతి కాలంలో హకారంగా మారుతుందని భాషాశాస్త్రం చెబుతుంది. పాలు 'హాలు' అయినట్లే ఇదీ. మూడు భాషల సరిహద్దున ఉన్న చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో మూడు పేర్లూ చెవిన పడతాయి. కోస్తావారి జంతికలు ఇక్కడ మురుకులు, చెక్కలు ఇక్కడ నిప్పట్లు, బొబ్బట్లు ఇక్కడ ఓళిగలు కావడానికీ ఈ ఇరుగుపొరుగే కారణం. తిరుమల శాసనాలలోని అతిరసం, నేటి తమిళుల అధిరసం, తెలుగువారి అరిసె దగ్గరి చుట్టాలు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథలు చదివినవారికి ఈ ప్రాంతపు మాట, తిండి ఎంతగా పెనవేసుకొన్నాయో తెలుస్తుంది.

ఇంతటి స్థానికతలోనూ బయటి ప్రపంచం ఉంది. రాగి ఆఫ్రికాలో పుట్టి వేల యేండ్ల క్రితమే ఈ దేశానికి వచ్చింది. వేరుశనగ, మిరప అమెరికా ఖండాల మొక్కలు. ఐరోపా నావికుల రాకకు ముందు ఇక్కడి ఊరుబిండిలో ఆ రెండూ ఉండే అవకాశమే లేదు. కృష్ణదేవరాయలు భోంచేసిన కారం మిరియాలదే గాని మిరపకాయది కాదన్న మాట తరగతిలో చెబితే విద్యార్థులు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు.

సంక్రాంతి దగ్గరపడే రోజులలో శ్రీకాళహస్తి, తిరుపతి అంగళ్లలో అనపకాయలు గోతాలకొద్ది దిగుతాయి. కాయలు ఒక ధర, ఒలిచిన గింజలు అంతకు మించిన ధర. పితికిన పప్పు మరీ ప్రియం. మూడింటిలోనూ ఉన్నది ఒకే గింజ. ఆ తేడా అంతా తెల్లవారకముందే లేచి, చన్నీళ్లలో చేతులు పెట్టి పితికిన ఆడవారి కూలి.