ఒంటరి పెద్దల యింటికి ఇరుగుపొరుగు తోడు



మా మెట్‌పల్లి ప్రాంతమున నేడు పెక్కిండ్లలో వృద్ధులు మాత్రమే మిగిలియున్నారు. కొడుకులు దుబాయి, మస్కటు మొదలగు చోట్ల కష్టించుచున్నారు. కూతుండ్రు అత్తవారిండ్లకు చేరినారు. వలసపోయిన బిడ్డలను నిందించుట మాకు న్యాయముగా తోపదు. వారు పంపు రూకలతోనే ఇల్లు గడచుచున్నది. అయితే రూకలు మందును కొనగలవు గాని, ఏ మాత్ర ఉదయము మ్రింగవలెనో, ఏది రాత్రి మ్రింగవలెనో చెప్పలేవు. ఆ పని ఇరుగుపొరుగు స్త్రీలమైన మనది.

సేవ యనగానే కొందఱు సోదరీమణులు ముదుసలి చేతిలోని గరిటెను తీసికొని, “నీవు కూర్చుండు మవ్వా” యని తామే వండిపెట్టుదురు. అది ప్రేమయే, కాని మే మందుకు సమ్మతింపము. తన పొయ్యి తాను ముట్టించుకొనునంతకాలము ఆమె యింటికి యజమానురాలు. గరిటె పోయిన మఱునాటి నుండి తన యింటనే ఆమె యతిథి. కావున అటుకమీది బియ్యపు డబ్బాను చేతి కందునంత యెత్తునకు దింపుడు. నీళ్లు చిన్న చెంబులతో తోడుకొన వీలు కల్పింపుడు. వంట మాత్ర మామెనే చేయనిండు.

వృద్ధులకు జారిపడుట గొప్ప యాపద. తుంటి యెముక విరిగినచో మరల మునుపటివలె నడచుట పలువురకు దుర్లభము. స్నానపుగదిలోని పాచి తోమించి, గోడకు పట్టుకొనుట కొక యినుపకడ్డీ బిగించి, మంచము నుండి మరుగుదొడ్డి వరకు రాత్రి చిన్న దీప ముంచవలెను. అరిగిన చెప్పులు పారవేయింపవలెను. 2018 ఆగస్టు 15న ఆరంభమైన కంటి వెలుగు శిబిరములలో పొందిన కంటద్దములను పాడగునను భయమున పెట్టెలో భద్రపఱచిన యవ్వలను మే మెఱుగుదుము!

ఇక పింఛను మాట. 2014లో ఆసరా యను పేర మొదలైన యీ పింఛనుకై పోయి, వ్రేలిముద్రను యంత్రము గుర్తింపక వట్టిచేతులతో తిరిగివచ్చిన ముదుసలు లున్నారు. ఏండ్లతరబడి బీడీలు చుట్టి, నాట్లు వేసిన వ్రేళ్లకు గీత లెక్కడివి? అట్టివారికి తోడుపోయి, వేఱుమార్గ మేదియో యధికారి నడుగువారు కావలెను. పోవునప్పు డిద్దఱు పోవుట మేలు. సొమ్ము అవ్వచేతికే యిప్పింపవలెను. ఆమె బ్యాంకు కార్డు రహస్యసంఖ్యను మన మెన్నడును తెలిసికొనరాదు. పరోపకారమున కింత లెక్క యేల యని మగవారు నవ్వుదురు, నవ్వనిండు.

ఆస్తి వ్రాయించుకొని తల్లిని వెడలగొట్టిన యింట మన మంచిమాట చాలదు. 2007 నాటి చట్టము ననుసరించి ఆమె పోషణకై ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. తాను అశక్తురాలైనచో ఆమె యనుమతించిన మఱియొకరు పెట్టవచ్చును. 14567 సంఖ్యకు ఫోను చేసినచో రుసుము లేకయే సలహా దొరకును.

అమెరికాలోని బోస్టను నగరమున, బీకన్ హిల్ అను పేటలోని వృద్ధులు తమ యిండ్లు విడువ నొల్లక తామే యొక సంఘ మేర్పరచుకొనిరి. 2002లో అది పనిచేయ నారంభించెను. సభ్యులు చందా కట్టుదురు. వైద్యునికడకు, అంగడికి తోడు వచ్చువారు లభింతురు. ఆ దేశమున నిప్పు డట్టి సంఘములు పెక్కులు. మన వీధులలో చందా యక్కఱలేదు, వంతులు చాలును.

మా వీధిలో వంతు గలవారు ఉదయ మెనిమిది గంటలకు ఒంటరి యిండ్ల వాకిండ్లు చూతురు. సాన్పి చల్లి ముగ్గు వేసియున్నచో పలుకరించి సాగిపోదురు. వాకిలి పొడిగా నున్నచో తలుపు తట్టుదురు.