ఆపరేషన్ రేటు అడగడానికి మొహమాటమెందుకు?

మా పిన్నికి రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. ముందు కుడికన్నుకు ఆపరేషన్ చేయిద్దామనుకున్నాం. మొదట వెళ్లిన ఆసుపత్రిలో కౌన్సెలింగ్ టేబుల్ దగ్గరి అమ్మాయి 18,000 అవుతుందంది. రెండో చోట 26,000 అన్నారు. ‘ఇంకా ఆలోచన దేనికిరా, మొదటి దాంట్లోనే చేయిద్దాం’ అంది పిన్ని. నాకు అనుమానం వచ్చి మళ్లీ వెళ్లి, ‘ఈ 18,000లో ఏమేం కలిసి ఉన్నాయమ్మా?’ అని అడిగాను. లెన్సు వేరట. ముందు చేసే రక్తపరీక్షలు, ఈసీజీ వేరట. ఆపరేషన్ తర్వాత వారాల తరబడి వేసుకోవాల్సిన చుక్కల మందులు, చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఫీజు కూడా వేరే. అన్నీ కూడితే 29,000 దాటింది. రెండో చోట చెప్పిన రేటులో చుక్కల మందులు తప్ప అన్నీ ఉన్నాయి.

కాబట్టి రెండు ఆసుపత్రుల రేట్లు పక్కపక్కన పెట్టే ముందు, రెండు చోట్లా ఒకే వైద్యానికి చెబుతున్నారో లేదో తేల్చుకోవాలి. శుక్లాల విషయంలో పెద్ద తేడా లెన్సులో ఉంటుంది. మోనోఫోకల్ లెన్సు ఒక దూరానికే పనిచేస్తుంది. దూరపు చూపుకు వేయించుకున్నవాళ్లకు చదువుకోవడానికి అద్దాలు కావాలి. మల్టీఫోకల్‌ అయితే ఆ అవసరం తగ్గుతుంది, ఖరీదు పెరుగుతుంది. ‘ఇంపోర్టెడ్ లెన్సు’ అనగానే మనవాళ్లు మెత్తబడిపోతారు. కానీ మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1992లో ఆరోల్యాబ్ పెట్టి ఇక్కడే లెన్సులు తయారు చేయడం మొదలుపెట్టాకే వాటి ధర సామాన్యుడికి అందింది. లెన్సు ఏ దేశానిదని కాదు, నా కంటికి అదనంగా ఏం చేస్తుందని డాక్టరును అడగండి.

గుండెపోటు, పాముకాటు, రోడ్డు ప్రమాదం లాంటప్పుడు బేరాలకు వ్యవధి ఉండదు. దగ్గర్లో ఉన్న మంచి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. శుక్లాలు, మోకీలు మార్పిడి, నొప్పి లేని హెర్నియా, కాన్పు, స్కానింగ్, రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు అలాంటివి కావు. విచారించడానికి రోజులో, వారాలో చేతిలో ఉంటాయి. పెద్ద ఆపరేషన్ అయితే అసలు అవసరమా అని ఇంకో డాక్టరునూ అడగాలి. మానేసిన ఆపరేషన్ కంటే చవకైనది లేదు.

బిల్లును పెంచేది గది అని చాలామందికి తెలియదు. చాలా ఆసుపత్రుల్లో జనరల్ వార్డుకూ సింగిల్ రూముకూ అద్దె ఒక్కటే కాదు, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీ కూడా మారతాయి. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు ఇంకో దెబ్బ. మీ పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 4,000 అనుకుందాం. మీరు 8,000 గది తీసుకున్నారు. పాలసీలో దామాషా కోత షరతు ఉంటే అద్దెలో సగంతో పోదు. డాక్టరు ఫీజు, థియేటర్ లాంటి ఖర్చులు 1,20,000 అయితే కంపెనీ 60,000 మాత్రమే ఇస్తుంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. చేర్చేటప్పుడు తొందరలో ‘మంచి రూమే ఇవ్వండి’ అన్న ఒక్క మాటకు ఇంత ఖరీదు.

కొన్నింటికి ప్రభుత్వమే గీత గీసింది. గుండె రక్తనాళంలో వేసే, లక్ష దాటి అమ్మిన డ్రగ్ ఎల్యూటింగ్ స్టెంట్‌కు 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో మోకీలు ఇంప్లాంట్ల వంతు వచ్చింది. స్టెంట్ గరిష్ఠ ధరను తర్వాత సవరిస్తూ వచ్చారు. స్టెంట్ ధర, బ్రాండు, బ్యాచ్ నంబరు బిల్లులో విడిగా చూపించాలి. ‘ప్యాకేజీలో కలిసిపోయిందండీ’ అంటే ఒప్పుకోకండి.

ఇక మందులు. మాత్రల షీటు తిప్పి చూడండి. బ్రాండు పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములన్నది చిన్నక్షరాల్లో ఉంటుంది. పోల్చాల్సింది ఆ చిన్నక్షరాలనే. అదే మందు, అదే మోతాదు ఇంకో కంపెనీది ఎంతో అడగండి. షీటుకు 10 మాత్రలా 15 మాత్రలా చూసి, ఒక్క మాత్రకు ఎంత పడుతుందో లెక్క కట్టండి. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో చాలా జెనరిక్ మందులు బ్రాండ్లకంటే సగానికన్నా తక్కువకే దొరుకుతాయి. మూర్ఛ, థైరాయిడ్, రక్తాన్ని పలచబరిచే మందులు మాత్రం డాక్టరుతో చెప్పకుండా మార్చకండి.

ప్రాణాలు కాపాడే డాక్టరుగారిని డబ్బు సంగతి ఎలా అడుగుతామని మా పిన్నిలాంటివాళ్లు కుంచించుకుపోతారు. ఆ గౌరవం మంచిదే. కానీ రేట్లు తెలుసుకోవడం రోగి హక్కు. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన నిబంధనలు, ఆసుపత్రి రేట్లు అందరికీ కనబడేచోట స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ పెట్టాలంటున్నాయి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అన్యాయం జరిగిందనిపిస్తే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పిన్నికి ఆపరేషన్ రెండో ఆసుపత్రిలోనే అయింది. ముందురోజు వాళ్ల దగ్గర అంచనా కాగితం రాయించుకున్నాం: లెన్సు పేరు, గది, పరీక్షలు, తర్వాత చూపించుకోవడానికి ఫీజు, అన్నీ వరుసగా. బిల్లు దాన్ని దాటలేదు. మీరూ రాయించుకోండి. దాని మీద తేదీ, ఆసుపత్రి స్టాంపు వేయించుకోవడం మరవకండి.