షాగీ గడ్డం వెనక ఓ తరం

ఆకుపచ్చ టీషర్టు, బెల్‌బాటమ్ ప్యాంటు, దువ్వెన ఎరగని జుట్టు, చుబుకం మీద నాలుగే నాలుగు వెంట్రుకలు. దెయ్యం ఉందంటే ఒకటే పరుగు, తిండి ఉందంటే అంతకు రెట్టింపు పరుగు. స్కూబీ డూ కార్టూన్‌లోని షాగీని చిన్నప్పుడు చూసినవాళ్లెవరూ అంత తేలిగ్గా మరచిపోరు. 1990ల్లో కేబుల్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో పెరిగి, ఇప్పుడు తామే తల్లిదండ్రులైన తెలుగువాళ్ల దగ్గర అతని పేరెత్తితే చాలు, ముఖాలు విప్పారతాయి.

ఆ ఇష్టం వెనక చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. షాగీ పుట్టింది 1969లోనే అయినా, అతను ఆ ఏటి కుర్రాడు కాడు. ఆ గడ్డం, ఆ నడక, ఆ సాగదీసిన మాట, పనంటే పడకపోవడం, అన్నీ అంతకు పదేళ్ల ముందు అమెరికాను కలవరపెట్టిన బీట్ తరం నుంచి వచ్చాయి. పెద్దలు ముఖం చిట్లించిన ఒక సాహిత్య ఉద్యమపు నీడ పిల్లల శనివారం కార్టూన్‌లో చోటు సంపాదించుకుని, యాభై ఏళ్లకు పైగా అక్కడే బతుకుతోంది.

కాఫీ హోటళ్ల నుంచి టీవీ దాకా

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో ఉద్యోగం, సొంతిల్లు, కారు, ఫ్రిజ్ సమకూర్చుకోవడమే మర్యాదైన బతుకుగా చలామణీ అయింది. ఆ దారిన నడవబోమని కొందరు కుర్ర రచయితలు మొండికేశారు. వాళ్లదే బీట్ తరం. అలెన్ గిన్స్‌బర్గ్ రాసిన ‘హౌల్’ను శాన్‌ఫ్రాన్సిస్కోలోని సిటీ లైట్స్ సంస్థ 1956లో ప్రచురించింది. మరుసటి ఏడాదే ఆ పుస్తకం మీద అశ్లీలమంటూ కేసు పడింది. అది అశ్లీలం కాదని న్యాయమూర్తి తేల్చారు. అదే 1957లో జాక్ కెరువాక్ నవల ‘ఆన్ ది రోడ్’ వెలువడింది. ఊళ్లు పట్టుకు తిరగడం, జాజ్ సంగీతం, కాఫీ హోటళ్లలో కవితలు చదవడం, బౌద్ధం మీద మక్కువ ఆ తరానికి గుర్తులయ్యాయి. గిన్స్‌బర్గ్ 1962లో భారతదేశానికి వచ్చి కలకత్తా, కాశీలలో నెలల తరబడి గడిపారు. 1965లో హైదరాబాద్‌లో తొలి సంపుటితో సంచలనం రేపిన దిగంబర కవుల ప్రస్తావన వచ్చినప్పుడు తెలుగు విమర్శకులు బీట్ కవులనూ తలచుకోవడం కద్దు.

1958లో శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికా రచయిత హెర్బ్ కేన్ తన కాలమ్‌లో వాడిన ‘బీట్‌నిక్’ అనే పేరు దేశమంతా పాకింది. దాంతో పాటే ఒక వేషమూ జనం మనసులో పాతుకుపోయింది. మేకగడ్డం, నల్ల స్వెటర్, తలమీద బెరే టోపీ, ఒళ్లో బోంగో డ్రమ్ములు. నిజమైన బీట్ కవులకూ ఈ బొమ్మకూ పోలిక అంతంతమాత్రమే. కానీ టీవీకి కావలసింది చూడగానే గుర్తుపట్టగలిగే మనిషి. ఆ పనికి ఈ బొమ్మ చక్కగా సరిపోయింది.

1959లో సీబీఎస్ చానల్‌లో ‘ది మెనీ లవ్స్ ఆఫ్ డోబీ గిల్లిస్’ అనే హాస్య ధారావాహిక మొదలైంది. మాక్స్ షుల్‌మన్ కథల నుంచి పుట్టిన ఈ ధారావాహికలో డోబీ అనే కుర్రాడికి మేనార్డ్ జి. క్రెబ్స్ అనే నేస్తం ఉంటాడు. చిరుగుల స్వెట్‌షర్టు, మేకగడ్డం, జాజ్ పిచ్చి. ‘పని’ అన్న మాట చెవిన పడితే చాలు, హడలిపోయి కేక పెడతాడు. బాబ్ డెన్వర్ నటించిన ఈ పాత్ర 1963 దాకా వారం వారం అమెరికా ఇళ్ల ముందుగదుల్లోకి వచ్చి కూర్చుంది. కవిత్వం జోలికి ఎన్నడూ పోని కుటుంబాలకు బీట్‌నిక్ అంటే మేనార్డే. పిల్లల కార్టూన్లూ ఈ గాలికి ఊగాయి. 1962లో వచ్చిన ‘బీనీ అండ్ సెసిల్’లో గో మ్యాన్ వాన్ గో అనే బీట్‌నిక్ చిత్రకారుడే ఉన్నాడు.

తల్లుల అలజడి, సినాట్రా పాట

1960ల రెండో సగంలో శనివారం పొద్దుటి టీవీని ‘స్పేస్ ఘోస్ట్’, ‘ది హెర్క్యులాయిడ్స్’ లాంటి కొట్లాట కార్టూన్లు ఏలాయి. పిల్లల కార్యక్రమాల్లో ఈ హింస ఏమిటని బోస్టన్ ప్రాంతపు తల్లులు 1968లో ‘యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్’ అనే సంఘం పెట్టి గొంతెత్తారు. ఆ ఏడాది జూన్‌లో రాబర్ట్ కెనడీ హత్యతో తెరమీది హింస గురించిన చర్చ మరింత వేడెక్కింది. చానళ్లు కొత్త దారి వెతుక్కోక తప్పలేదు.

సీబీఎస్‌లో పగటి కార్యక్రమాలు చూసే ఫ్రెడ్ సిల్వర్‌మన్‌కు 1968లో ‘ది ఆర్చీ షో’ ఒక దారి చూపింది. పాటలు పాడుకునే హైస్కూల్ పిల్లల ముఠా, ఒక కుక్క, ఎవరికీ హాని లేని అల్లరి. అందులోంచి వచ్చిన ‘షుగర్, షుగర్’ పాట 1969లో బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అలాంటి ముఠాకే మిస్టరీలు ఛేదించే పని అప్పగించాలని సిల్వర్‌మన్ అనుకున్నారు. హానా-బార్బెరా స్టూడియోలో ఆ పని రచయితలు జో రూబీ, కెన్ స్పియర్స్‌ల చేతికి వచ్చింది.

వాళ్లు పాత్రల అచ్చుల కోసం దూరం పోలేదు. పదేళ్ల కిందటి డోబీ గిల్లిస్‌నే తెరిచారు. డోబీ నుంచి ఫ్రెడ్, అందాల థాలియా నుంచి డాఫ్నీ, చురుకైన జెల్డా నుంచి వెల్మా, మేనార్డ్ నుంచి షాగీ తయారయ్యారు. తొలి రూపంలో దీని పేరు ‘మిస్టరీస్ ఫైవ్’. ఐదుగురూ ఒక బ్యాండు. తర్వాత ‘హూజ్ స్కేర్డ్?’ అన్న ధోరణిలో మరో పేరు పెట్టారు. బొమ్మలు చూసిన సీబీఎస్ అధ్యక్షుడు ఫ్రాంక్ స్టాంటన్ పిల్లలు జడుసుకుంటారని తిప్పిపంపారు. విమానంలో వెళ్తూ ఫ్రాంక్ సినాట్రా పాట ‘స్ట్రేంజర్స్ ఇన్ ది నైట్’ చివర్లోని అర్థంలేని రాగాల పలుకులు విన్నప్పుడు కుక్కకు స్కూబీ డూ అనే పేరు దొరికిందని సిల్వర్‌మన్ చెప్పేవారు. పక్క పాత్రగా ఉన్న కుక్క అప్పటి నుంచి కథానాయకుడైంది, భయం పక్కకు జరిగి నవ్వు ముందుకొచ్చింది. 1969 సెప్టెంబర్ 13న ‘స్కూబీ డూ, వేర్ ఆర్ యూ!’ మొదటి ఎపిసోడ్ ప్రసారమైంది. అప్పటికి వుడ్‌స్టాక్ సంగీతోత్సవం ముగిసి నెల కూడా కాలేదు. అందుకే బీట్‌నిక్ గడ్డమున్న షాగీ, హిప్పీల కాలపు పూలు గీసిన వ్యాను ఎక్కి తిరుగుతాడు.

మొదటి ఎపిసోడ్ ప్రసారమైన ఐదు వారాలకే, అక్టోబర్ 21న, జాక్ కెరువాక్ ఫ్లోరిడాలో కన్నుమూశారు. ఆయన వయసు 47.

వంకర కాళ్ల కుక్క, కీచు గొంతు కుర్రాడు

ఈ పాత్రలకు రూపమిచ్చిన ఇవావో టకమోటో జపాన్ సంతతి అమెరికన్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం ఆయన కుటుంబాన్ని కాలిఫోర్నియాలోని మాంజనార్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. బొమ్మలు వేయడంలో మొదటి పాఠాలు ఆయన నేర్చుకున్నది అక్కడే, తోటి నిర్బంధితుల దగ్గర. డిస్నీలో పనిచేసి, 1960ల మొదట్లో హానా-బార్బెరాకు వచ్చారు. స్కూబీని గీసే ముందు గ్రేట్ డేన్ కుక్కల పెంపకం తెలిసిన సహోద్యోగిని కలిసి, మేలుజాతి లక్షణాలన్నీ అడిగి తెలుసుకున్నారు. తర్వాత ఒక్కొక్కదాన్నీ తలకిందులు చేశారు. నిటారు వీపుకు బదులు గూని, తిన్నని కాళ్లకు బదులు వంకర కాళ్లు.

షాగీకి గొంతిచ్చిన కేసీ కేసమ్ లెబనాన్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో డెట్రాయిట్‌లో పుట్టారు. 1970లో మొదలైన ‘అమెరికన్ టాప్ 40’ రేడియో కార్యక్రమంతో దేశమంతా తెలిసిన గొంతు అది. రేడియోలో పట్టులా సాగే ఆ స్వరం షాగీ దగ్గరకొచ్చేసరికి కీచుగా చీలిపోయేది. కేసమ్ కచ్చితమైన శాకాహారి. ఒక బర్గర్ ప్రకటనకు షాగీ గొంతు ఇమ్మన్నప్పుడు కాదని, 1995లో పాత్రనే వదులుకున్నారు. 2002లో మళ్లీ వచ్చింది షాగీని శాకాహారిని చేస్తామన్న మాట మీదే. తన పాత్రను ఇంత గౌరవించిన డబ్బింగ్ కళాకారులు అరుదు.

ముసుగు తీస్తే భూమి తగాదా

ఈ కార్టూన్‌లో దెయ్యం ముసుగు తీస్తే బయటపడేది మామూలు మనిషే. మొదటి ఎపిసోడ్‌లో ఇనుప కవచం తొడుక్కుని తిరిగే నల్ల యోధుడు మ్యూజియం నిర్వాహకుడే. అసలు చిత్రాలు తీసేసి నకిలీలు పెడుతుంటాడు. పాడుబడిన గని ఎపిసోడ్‌లో గని కార్మికుడి దెయ్యంగా జనాన్ని తరిమేది ఆ చోటి కాపలాదారు. భూమిలో చమురు ఉందని కనిపెట్టి దాన్ని సొంతం చేసుకోవాలనుకుంటాడు. విమానాశ్రయంలో వికటాట్టహాసం చేసే గ్రహాంతరవాసి పక్క పొలం ఆసామి. నేలను చవగ్గా కొట్టేయడానికే ఆ వేషమంతా. 25 ఎపిసోడ్‌ల ఆ తొలి ధారావాహికలో దెయ్యమన్నది చాలావరకు ఆస్తి మీద కన్నేసిన పెద్దమనిషి. దెయ్యం వెనకున్న మనిషిని బయటపెట్టే ఈ పద్ధతిని శాస్త్రవేత్త కార్ల్ సేగన్ మెచ్చుకుని, పెద్దలకూ ఇలాంటి కార్యక్రమం ఉంటే ప్రజలకు మేలు చేసినట్టే అవుతుందని రాశారు.

ఆ దురాశ పక్కన షాగీని నిలబెట్టి చూస్తే అతని అసలు బలం తెలుస్తుంది. అతనికి నిధి వద్దు, నేల వద్దు, పేరు వద్దు. ఒక పెద్ద శాండ్‌విచ్, పంచుకోవడానికి ఒక కుక్క ఉంటే చాలు. బీట్ తరంలోని కవిత్వాన్ని, కోపాన్ని, మత్తుని కార్టూన్ పక్కన పెట్టేసింది. సంపాదన పందెంలోకి దిగనన్న ఆ తరం తెగింపు మాత్రం షాగీలో చెక్కుచెదరకుండా మిగిలింది. భయపడటానికి అతను సిగ్గుపడడు. భయపడుతూనే స్నేహితుల వెంట చీకటి గదిలోకి వెళ్తాడు. ధైర్యవంతులైన నాయకులతో నిండిన కార్టూన్ల మధ్య, భయస్థుడైన పిల్లవాడికి ఇంతకన్నా ఆప్తుడు ఎక్కడ దొరుకుతాడు? ఈఎంఐలు, డెడ్‌లైన్ల మధ్య నలిగే నలభై ఏళ్ల మనిషికి అతను మళ్లీ గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

జ్ఞాపకం ఎందుకంత గట్టిది

పాత రోజుల మీద బెంగను బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ మనస్తత్వ పరిశోధకులు టిమ్ వైల్డ్‌షుట్, కాన్‌స్టాంటిన్ సెడికిడెస్ ఏళ్లుగా పరిశీలిస్తున్నారు. సహచరులతో కలిసి 2006లో వాళ్లు ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఇలాంటి జ్ఞాపకాల్లో మనిషి ఒంటరిగా ఉండడం తక్కువ. చుట్టూ దగ్గరివాళ్లు ఉంటారు. మనసు దిగులుగా, ఒంటరిగా ఉన్నప్పుడే అవి ఎక్కువగా ముందుకొస్తాయి, తనకూ మనుషులున్నారన్న నిబ్బరాన్నిస్తాయి. కార్టూన్ గుర్తొచ్చినప్పుడు రిమోట్ కోసం కొట్లాడిన చెల్లెలు, అన్నం కలిపి తినిపిస్తున్న అమ్మమ్మ కూడా గుర్తుకు రావడం అందుకే.

స్కూబీ డూ తయారీ పద్ధతి కూడా ఈ జ్ఞాపకానికి బలం చేకూర్చింది. సినిమా హాళ్లకు టామ్ అండ్ జెర్రీ తీసిన విలియం హానా, జోసెఫ్ బార్బెరాలు, ఎంజీఎం కార్టూన్ విభాగం 1957లో మూతపడ్డాక, టీవీ ఇచ్చే కొద్దిపాటి డబ్బుతో బొమ్మలు తీయాల్సి వచ్చింది. అందుకని బొమ్మల సంఖ్య తగ్గించారు. ఒకసారి గీసిన పరుగునే మళ్లీ మళ్లీ వాడారు. అదే నడవా, అవే తలుపులు, అదే కిటికీ పరిగెత్తే పాత్రల వెనక మళ్లీ మళ్లీ జరిగిపోయేవి. ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన ఈ ఏర్పాటు పిల్లల మనసులో ఒక క్రతువులా స్థిరపడింది. వ్యాను ఆగుతుంది, ముఠా రెండుగా చీలుతుంది, షాగీ, స్కూబీలకు వంటగది కనిపిస్తుంది, చివర్లో ముసుగు ఊడుతుంది. ముందేం జరుగుతుందో తెలిసిన పిల్లలు హాయిగా భయపడగలరు.

భారతదేశంలో కార్టూన్ నెట్‌వర్క్ 1995లో అడుగుపెట్టింది. తొలి రోజుల్లో ప్రసారాలు ఇంగ్లిష్‌లోనే సాగేవి. రాత్రి కాగానే అదే చానల్‌లో టీఎన్‌టీ వారి పాత హాలీవుడ్ సినిమాలు మొదలయ్యేవి. తెలుగు ఆడియో వచ్చింది తర్వాతి కాలంలో. ఇంగ్లిష్ సరిగా రాని పిల్లలకు కూడా షాగీ వణుకు, స్కూబీ గుటక పూర్తిగా అర్థమయ్యాయి. అమెరికాలో ఒక తరం ముందే ముగిసిన బాల్యం ఇక్కడ కొత్తగా మొదలైంది.

కొత్త రూపాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. 1998 నాటి ‘స్కూబీ డూ ఆన్ జాంబీ ఐలండ్’లో రాక్షసులు నిజంగానే ఉంటారు. 2023లో వచ్చిన ‘వెల్మా’లో స్కూబీయే కనిపించడు, చాలామంది పాత అభిమానులు దానిమీద మండిపడ్డారు. రూబీ, స్పియర్స్ ఇద్దరూ 2020లోనే, కొద్ది నెలల తేడాతో వెళ్లిపోయారు.

తమ చిన్ననాటి ఇష్టాన్ని పిల్లలకు రుచి చూపించాలనుకునే తల్లిదండ్రులు 1969, 70 నాటి ఆ 25 ఎపిసోడ్‌లతో మొదలుపెట్టడం మేలు. ఒక్కొక్కటీ అరగంట లోపే. సగంలో ఆపి ముసుగులో ఉన్నదెవరో పిల్లల్ని ఊహించమంటే ఆట ఇంకా రక్తి కడుతుంది. కేసమ్ గొంతులోని చీలిక వినాలంటే ఒక్క ఎపిసోడైనా అసలు ఇంగ్లిష్ ఆడియోతో చూడాలి. కాస్త పెద్ద పిల్లలుంటే దాని వెంటే డోబీ గిల్లిస్ నుంచి ఒక ఎపిసోడ్ చూపించవచ్చు. మేనార్డ్ తెరమీదకొచ్చి ‘పని’ అని వినగానే హడలిపోయినప్పుడు, అది ఎవరిలా ఉందో వాళ్లే చెప్పేస్తారు.