తొలి అడుగుకే మడమ ఎందుకు కలుక్కుమంటుంది?

ప్రశ్న: మా అమ్మమ్మ పొద్దున్నే మంచం దిగగానే మడమ నొప్పితో గోడ పట్టుకుని నడుస్తుంది. కాఫీ కలిపే వేళకి మామూలుగా తిరుగుతుంది. రాత్రంతా కాళ్లకు విశ్రాంతే కదా, మరి నొప్పి పొద్దున్నే ఎందుకు?

జవాబు: ముందు నీ పాదాన్ని ఒళ్లో పెట్టుకో. కాలి బొటనవేలిని పైకి వంచి, అరికాలి మధ్య నొక్కి చూడు. చర్మం కింద బిగుసుకున్న పట్టీ ఒకటి తగులుతుంది. మడమ ఎముక అడుగున మొదలై వేళ్ల మొదళ్ల దాకా ఉండే దీన్ని డాక్టర్లు ప్లాంటార్ ఫేషియా అంటారు. విల్లు వంపును నారి పట్టి ఉంచినట్టు, అరికాలి వంపును ఇది పట్టి ఉంచుతుంది. పాదంలోని 26 ఎముకలు ఒంటి బరువుకి చదునుగా పరుచుకుపోకుండా చూస్తుంది.

అడుగు వేసిన ప్రతిసారీ ఈ పట్టీ లాగబడుతుంది. గట్టి బండల మీద గంటల తరబడి నిలబడినా, ఒళ్లు బరువెక్కినా, పిక్కలు బిగుసుకుపోయినా ఆ లాగుడు పెరుగుతుంది. అప్పుడు మడమకు అతుక్కున్న చోట పట్టీ పీచులు కొద్దికొద్దిగా దెబ్బతింటాయి.

ఇక రాత్రి సంగతి. పడుకున్నప్పుడు మునివేళ్లు కిందికి వాలి, పట్టీ, పిక్క రెండూ గంటల కొద్దీ కుదించుకునే ఉంటాయి. మంచం దిగగానే బరువంతా పడి పట్టీ ఒక్కసారిగా సాగాలి. ఆ లాగుడు దెబ్బతిన్న చోటే పడుతుంది కాబట్టి కలుక్కుమంటుంది. కాసేపు నడిచాక పట్టీ మెల్లగా సాగి, నొప్పి తగ్గుతుంది. చాలాసేపు కూర్చుని లేచినప్పుడూ ఇదే జరుగుతుంది.

ఎక్స్‌రేలో మడమ కింద ముల్లులాంటి ఎముక కనబడితే ఇంటిల్లిపాదీ బెంగపడతారు. నొప్పే లేని చాలామందికీ ఆ ముల్లు ఉంటుంది. దాన్ని చూసి ఆపరేషన్ దాకా ఆలోచించనక్కర్లేదు.

తొలి అడుగుకి ముందే పట్టీని సాగదీస్తే ఆ పోటు తగ్గుతుంది. అమ్మమ్మ మంచం మీదే కూర్చుని, నొప్పి కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, వేళ్లను తన వైపు లాగి పది లెక్కపెట్టేదాకా ఉంచాలి. ఇలా పదిసార్లు. చేయి అందకపోతే నువ్వు పట్టుకో. మెత్తటి చెప్పులు మంచం పక్కనే ఉంచు, ఇంట్లో కూడా అవి వేసుకునే తిరగాలి. పగలు గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయాలి. చాలామందికి కొన్ని నెలల్లో ఇలాగే తగ్గిపోతుంది, ఓపిక మాత్రం కావాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ హాయినిచ్చేది కొన్ని వారాలే. మాటిమాటికీ చేయిస్తే పట్టీ తెగే ప్రమాదం ఉంది.

షుగర్ ఉన్నా, పాదం తిమ్మిరెక్కినా, మడమ వాచి ఎర్రబడినా, పడుకున్నా నొప్పి వదలకపోయినా ఇంట్లో ఆగకుండా డాక్టరుకు చూపించండి.