బళ్ళారి సీమ బావినీరు - ప్రతిదీప్తి పరీక్ష

బళ్ళారి సీమవారికి నీటి ఎద్దడి కొత్తది కాదు. దొరకిన నీరు త్రాగదగినదో కాదో యను ప్రశ్న మాత్రము ఆ ఎద్దడి మాటున మరుగుపడినది. ఈ జిల్లాలో పెక్కు బోరుబావులు గ్రానైటు, నైసు శిలల పగుళ్ళనుండి నీరు తోడుచున్నవి. ఆ శిలలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు కొంచెము కొంచెముగా నీటిలోనికి దిగును. పెద్దవంకహళ్ళ పరీవాహక ప్రాంతపు భూగర్భజలములోని ఫ్లోరైడును గూర్చిన పరిశోధన 1996లోనే ప్రకటితమైనది. తెలుగు వంకయు, కన్నడ హళ్ళయు ఒకే వాగు పేరున కలిసియుండుట ఈ సరిహద్దు సీమకే చెల్లినది.

ఆ మోతాదులో ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, రుచియు తెలియదు. నీటిని కాచినను అది పోదు. ఆవిరి పోయినకొలది దాని పాలు పెరుగును. భారత ప్రమాణము ననుసరించి త్రాగునీట లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు నీరు లభింపనిచోట 1.5 వరకు సహింపవచ్చును. అంతకు మించిన నీరు త్రాగు పసివారికి దంతములు చిగుళ్ళలో రూపొందుచుండగనే మచ్చ పడును. అది మరల మాయదు. ఏండ్ల తరబడి త్రాగినవారికి ఎముకలు, కీళ్ళు బిగిసిపోవును. 1937లో షార్టు ప్రభృతి వైద్యులు ఈ వ్యాధిని వర్ణించినది నెల్లూరు జిల్లాలో. నాడు నెల్లూరును, బళ్ళారియు మద్రాసు రాజధానిలోనివే.

నీటి సీసా ప్రయోగశాలకు పోయి ఫలితము వచ్చులోగా పల్లెవారు ఆ నీటినే త్రాగుచుందురు. బావి గట్టుననే కొలత తెలుపు పరికరమున కిందువలననే విలువ.

కొన్ని పదార్థములు కంటికి కానరాని అతినీలలోహిత కిరణములను గ్రహించి, కనబడు వెలుగును విడుచును. ఇదియే ప్రతిదీప్తి. 1852లో స్టోక్స్ దీనికి పెట్టిన 'ఫ్లోరెసెన్సు' అను పేరు ఫ్లోర్‌స్పారు అను ఖనిజమునుండి వచ్చినది. ఫ్లోరైడు పేరునకును మూలమదియే. పేరులో చుట్టరికమే కాని, నీట కరగిన ఫ్లోరైడు తనంతట వెలుగదు. బోరాను గల ప్రతిదీప్తి పదార్థమునకు అది అంటుకొని, ఆ వెలుగును మార్చును. ఎంత మారెనో కొలిచి ఫ్లోరైడు ఎంత ఉన్నదో చెప్పవచ్చును. ఇందులకు ఒక చిన్న దీపము, వెలుగును వడకట్టు గాజు, దానిని కొలుచు సాధనము చాలును. 2019లో స్విట్జర్లాండులోని లోజాన్ సాంకేతిక విద్యాసంస్థవారు సియాన్-105 అను పదార్థముతో ఇట్టి చేతిపరికరమును ప్రకటించిరి. ఫ్లోరైడు తగిలినకొలది దాని వెలుగు మందగించును.

పని వినుటకు సులభము, చేయుటకు కాదు. ఫ్లోరైడును నీటి అణువులు గట్టిగా చుట్టుకొనియుండును. కావున ఇతర ద్రావకములలో చక్కగా పనిచేయు పదార్థములు పెక్కు నీటిలో విఫలమగును.

కొలత లేనిదే చికిత్సయు కుదరదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970 దశకమున రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపుదురు. పటిక తక్కువైనచో దోషము మిగులును. ఎక్కువైనచో అల్యూమినియము నీట నిలుచును. ఆ అల్యూమినియము ఫ్లోరైడును తనతో బంధించి, పరీక్షలో ఉన్నదానికంటె తక్కువగా చూపింపగలదు. శుద్ధిచేసిన నీటి కొలతను ప్రయోగశాలలో సరిచూడక నమ్మరాదు. శుద్ధిచేయని బావినీటిని వేసవిలో ఒకమారు, వానల తరువాత మరియొకమారు చూడవలెను. ఏలయన నీటిమట్టముతోపాటు ఫ్లోరైడు పాలును మారుచుండును.